పిల్లల ఆటలో రాజుగారి రహస్యం

ఇంటర్ చదివే అబ్బాయి రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరికో పెళ్లి సంబంధాలు చూస్తున్నాడంటే ఏ తల్లికైనా వింతగానే ఉంటుంది. తుపాకుల చప్పుడు లేదు, కార్ల రేసు లేదు. తెర మీద యూరప్ నుంచి ఇండియా దాకా పరుచుకున్న పాతకాలపు పటం, దాని మీద బోలెడన్ని మనుషుల ముఖాలు. వాడు ఒక ముఖం మీద నొక్కి, "ఈవిడకి ముప్పై ఆరేళ్లు, ఇక పిల్లలు పుట్టడం కష్టం, కానీ వాళ్ల నాన్నకి సైన్యం ఉంది" అని లెక్కలు వేసుకుంటుంటాడు. మన పెళ్లిళ్ల పేరయ్యలు కూడా అంత మొహమాటం లేకుండా మాట్లాడరు.

ఆ ఆట పేరు క్రూసేడర్ కింగ్స్ 3. స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌కి చెందిన పారడాక్స్ కంపెనీ 2020 సెప్టెంబరులో విడుదల చేసింది. 867లోనో 1066లోనో మొదలుపెట్టి 1453 దాకా ఆడుకోవచ్చు. మన తెలుగు నేల కూడా ఆ పటంలో ఉంది. ఇందులో ఆడేవాళ్లు నడిపేది ఒక రాజుని కాదు, ఒక వంశాన్ని. రాజు చనిపోతే ఆట ఆగదు, ఆ క్షణం నుంచి మీరే ఆయన వారసుడు. వంశంలో వారసులు లేకుండా పోతే ఆట ముగుస్తుంది. కాబట్టి ఇక్కడ యుద్ధంకన్నా పెళ్లికి, పెళ్లికన్నా పురిటికి విలువ ఎక్కువ. ఆడవాళ్లకి సింహాసనం మీద హక్కు ఉందా, కొడుకు లేకపోతేనే కూతురికా, లేక ఇద్దరికీ సమానమా, ఎవరు ఎవరిని ప్రేమించవచ్చు, పెళ్లి బయట పుట్టిన బిడ్డకి చోటుందా అన్నవి ఈ ఆటలో ఏ మూలనో ఉండే విషయాలు కావు. ఆట నడిచేదే వాటి మీద.

పాత్రలకి ఒక్కొక్కరికీ ఒక స్వభావం ఉంటుంది. కొందరికి ఆడ-మగ ఆకర్షణ, కొందరికి స్వలింగ ఆకర్షణ, కొందరికి రెండూ, కొందరికి అసలు ఏదీ లేదు. ఆటలో ప్రతి మతమూ స్వలింగ సంబంధాన్ని నేరంగా చూస్తుందా, చిన్నచూపు చూస్తుందా, ఒప్పుకుంటుందా అన్నది మళ్లీ వేరుగా రాసి ఉంటుంది. ఆట మొదలుపెట్టే ముందు నియమాల పేజీలోకి వెళ్లి స్త్రీపురుష సమానత్వాన్ని ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. చరిత్రలో ఉన్నట్టు ఉంచొచ్చు, ఇద్దరికీ సమానం చెయ్యొచ్చు, పూర్తిగా తలకిందులు కూడా చెయ్యొచ్చు.

ఇక ఇళ్లలో గొడవ ఎలా మొదలవుతుందంటే, పాల గ్లాసు పట్టుకొచ్చిన అమ్మకి తెర మీద ఒక రాజు, ఆయన పక్కన ప్రియుడిగా ఇంకో మగవాడు కనిపిస్తారు.

"ఏంట్రా ఇది?"

"గేమ్ అమ్మా."

"గేమ్ అని తెలుసులే. ఇలాంటివా ఆడేది? నాన్నగారిని పిలవనా?"

వాడు ల్యాప్‌టాప్ మూసేస్తాడు. మర్నాటి నుంచి గది తలుపు కూడా మూస్తాడు. ఈ సలహా ఆ తలుపు మూసుకోకముందు మీ చెవిన పడాలని రాస్తున్నది.

మొదట, ఆ దృశ్యం నుంచి మీ పిల్లల గురించి మీకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఆ రాజు స్వభావం ఏమిటన్నది చాలాసార్లు ఆటే నిర్ణయిస్తుంది. ఆయన చచ్చిపోయాక వాళ్లు నడపబోయే వారసుడిదీ అంతే. ముగ్గురు పిల్లల తండ్రి అయిన రాజు తర్వాత ఆడవాళ్ల మీద ఏమాత్రం ఆసక్తి లేని కొడుకు గద్దెనెక్కుతాడు. ఇప్పుడు వంశం ఎలా నిలబెట్టాలన్నది ఆడేవాడి ముందున్న చిక్కు. అలాగే ఆడపాత్రనే ఎప్పుడూ ఎంచుకునే అబ్బాయిలు కొల్లలుగా ఉంటారు. కొందరికి ఆ పాత్ర చూడ్డానికి బాగుంటుంది, కొందరికి కష్టమైన దారిలో గెలవడం సరదా. మౌంట్ అండ్ బ్లేడ్ అనే టర్కీ వాళ్ల ఆటలో స్త్రీ పాత్రకి దారి నిజంగానే కష్టం. ప్రభువులు చిన్నచూపు చూస్తారు, సామంత హోదా ఒక పట్టాన దక్కదు. పంతం కొద్దీ అదే ఎంచుకునేవాళ్లు ఉన్నారు. స్కైరిమ్ అనే ఇంకో ఆటలో అయితే పెళ్లికి ఆడా మగా అన్న పట్టింపే లేదు, మెళ్లో ఒక తాయెత్తు వేసుకుని వెళ్లి అడగొచ్చు. పిల్లలు దాన్ని పెద్దగా పట్టించుకోరు కూడా.

అయితే "ఒట్టి గేమేగా" అని తేలిగ్గా తీసెయ్యమనీ నేను చెప్పను. తన మనసు ఎటు మొగ్గుతోందో తనకే సరిగ్గా తెలియని వయసులో, ఎవరికీ తెలియకుండా, ఎవరినీ నొప్పించకుండా ఒక జీవితాన్ని ప్రయత్నించి చూడటానికి ఇలాంటి ఆటకన్నా సురక్షితమైన చోటు దొరకదు. కొందరు పిల్లలకి అది నిజంగానే అలాంటి చోటు. మీ అబ్బాయో అమ్మాయో ఆ కొందరిలో ఉన్నారా లేదా అన్నది భుజం మీంచి తెర చూసి కనిపెట్టలేరు. వాళ్లకే ఇంకా తెలియకపోవచ్చు. అడ్డంగా నిలదీస్తే, వాళ్లు తెలియని విషయానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. అబద్ధం అలవాటయ్యేది అక్కడే.

ఈ ఆటలో నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ప్రేమ కాదు, పెళ్లి కాదు. హుక్. పిల్లల్ని అడిగితే వివరంగా చెబుతారు. ఆటలో ప్రతి మనిషికీ రహస్యాలుంటాయి. ఎవరినో చంపించి ఉంటాడు, అక్రమ సంబంధం ఉంటుంది, లేదా మతం ఒప్పని ప్రేమ ఉంటుంది. గూఢచారిని పెట్టి ఆ రహస్యం తెలుసుకుంటే, దాంతో బెదిరించి ఆ మనిషి మీద ఒక హుక్ సంపాదించవచ్చు. గాలానికి చిక్కిన చేపే ఇక. దాన్ని వాడి ఆ మనిషి కూతుర్ని మీ కొడుక్కి ఇప్పించుకోవచ్చు, పన్ను ఎక్కువ కట్టించుకోవచ్చు, కొలువులో పదవి లాక్కోవచ్చు. ఒకసారి వాడితే అయిపోయే హుక్‌లు కొన్ని, మళ్లీ మళ్లీ వాడుకోదగ్గవి కొన్ని. కాదంటే రహస్యాన్ని నలుగురిలో బయటపెట్టి పరువు తీసెయ్యవచ్చు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. స్వలింగ సంబంధాన్ని ఒప్పుకునే మతంలో అదే ప్రేమ రహస్యం కాదు. దాని మీద ఎవరికీ ఏ హుక్కూ రాదు. రాజు అదే రాజు, ప్రియుడు అదే ప్రియుడు. మారింది చుట్టూ ఉన్న నియమం ఒక్కటే. నియమం మారగానే బెదిరించేవాడి చేతిలో ఏమీ మిగలదు. పదిహేడేళ్ల పిల్ల దీన్ని ఏ పాఠ్యపుస్తకమూ లేకుండా, తన వంశం కూలిపోకుండా చూసుకునే తాపత్రయంలో నేర్చేసుకుంటుంది. ఇంకో మెట్టు ఎక్కితే, పుణ్యం కూడబెట్టి కొత్త మతశాఖ స్థాపించి ఆ నియమాలన్నీ తనే తిరగరాస్తుంది.

ఇప్పుడు ఇదే గదిలోకి మీరు వచ్చారనుకోండి. తెర మీద ఆ రాజుని చూసి "ఛీ, ఇలాంటివాళ్లని ఊళ్లోంచి తరిమెయ్యాలి" అన్నారు. లేదా టీవీలో ఎవరినో చూసి బాబాయి ఒక వెకిలి మాట అంటే అందరూ నవ్వారు. ఆ మాట మీకు సాయంత్రానికి గుర్తుండదు. పక్కన కూర్చున్న పిల్లల్లో ఎవరికైనా మనసులో అలాంటి రహస్యం ఉంటే, ఆ క్షణంలోనే ఈ ఇంటి మతం ఏమిటో వాళ్లకి తెలిసిపోతుంది. ఇక్కడ ఇది నేరం. అంటే తన రహస్యం ఎవరికి తెలిసినా వాళ్ల చేతిలో తన మీద ఒక హుక్ ఉన్నట్టే. బయట ఫోన్‌లో పరిచయమైన ఎవడో "మీ ఇంట్లో చెప్పేస్తా" అని బెదిరిస్తే వాడి బెదిరింపుకి బలం ఇచ్చింది మనమే. పిల్లలు డబ్బు పంపేది, ఫొటోలు పంపేది, ఇంకా ఘోరమైనవి చేసేది ఆ ఒక్క వాక్యానికి భయపడే.

మా ఇంట్లో ఈ బెదిరింపు చెల్లదు అన్న ధైర్యం పిల్లలకి ముందుగానే ఉండాలి. దానికి ఉపన్యాసం అక్కర్లేదు. తెర చూసి, "పాపం, ఈయన్ని బెదిరిస్తున్నారా? మంత్రి వెధవ పని చేస్తున్నాడే" అంటే చాలు. ఎవరి తప్పు ఎక్కడుందో మీరు చెప్పేసినట్టే. విన్నవాళ్లు విన్నామని చెప్పరు, కానీ వింటారు.

పెద్దవాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ఆక్షేపణ ఇంకోటి: "అప్పట్లో ఇవన్నీ ఎక్కడున్నాయి? ఈ కంపెనీలవాళ్లు ఇప్పటి గోల తెచ్చి చరిత్రకి అంటిస్తున్నారు." విచిత్రం ఏమిటంటే, ఇంటర్నెట్‌లో ఆటల వీడియోలు పెట్టే కుర్రాళ్లు కొందరు కూడా ఇదే మాట అంటారు, చాలా బూతులు కలిపి. 2025 ఫిబ్రవరిలో కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ 2 అనే ఆట వచ్చింది. 1403 నాటి బొహీమియా, ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న ప్రాంతం, దాని కథాస్థలం. కథానాయకుడు హెన్రీ, అతని యువప్రభువు హాన్స్ కేపన్‌ల మధ్య ప్రేమకి ఒక దారి అందులో ఉంది. ఆడేవాళ్లు ఎంచుకుంటేనే అది జరుగుతుంది, లేకపోతే లేదు. ఆ ఎంపిక మీద విడుదలకు ముందే పెద్ద రగడ జరిగింది. ఆ రగడ వీడియోలు మీ పిల్లల ఫోన్‌లోకి వచ్చే ఉంటాయి. ఆటలోని ఆ రెండు పాత్రలకన్నా, ఆడవాళ్లని, స్వలింగ ప్రేమికుల్ని నోటికొచ్చినట్టు తిట్టే ఆ గొంతులే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తాయి. ఆట అయిపోయాక కూడా అవి చెవిలో మోగుతుంటాయి.

చరిత్ర దగ్గర అమ్మానాన్నలకి ఒక మంచి అవకాశం ఉంది. ఇక్కడ పిల్లలకి తెలియనివి మనకి తెలుసు, లేదా తెలుసుకోవడం తేలిక. ఇంగ్లండు రాజు మొదటి హెన్రీకి చట్టబద్ధంగా పుట్టిన కొడుకు ఒక్కడే. 1120లో ఓడ మునిగి పోయాడు. మిగిలింది కూతురు మటిల్డా. 1127లో రాజు తన ప్రభువులందరి చేతా ఆమెను వారసురాలిగా ఒప్పుకుంటామని ప్రమాణం చేయించాడు. 1135లో ఆయన కన్నుమూయగానే, ప్రమాణం చేసినవాళ్లలో ఒకడైన సొంత మేనల్లుడు స్టీఫెన్ వెళ్లి కిరీటం పెట్టేసుకున్నాడు. దేశం దాదాపు రెండు దశాబ్దాలు అంతర్యుద్ధంలో నలిగింది. మటిల్డా ఎన్నడూ పట్టాభిషేకం చేసుకోలేకపోయింది. చివరికి 1154లో ఆమె కొడుకు రెండవ హెన్రీ రాజయ్యాడు.

ఆ తర్వాతి శతాబ్దంలో ఓరుగల్లులో అదే చిక్కు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమను గద్దె మీద కూర్చోబెట్టాడు. శాసనాల్లో ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని కనిపిస్తుంది. ఇక్కడా ఎదురుతిరిగినవాళ్లున్నారు, బయటి నుంచి దేవగిరి యాదవులు దండెత్తారు. అయినా 1289 దాకా పాలించి, కూతురి కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత చేసుకుని రాజ్యం అప్పగించింది. రుద్రమ మీద 2015లో వచ్చిన సినిమా చూసిన పిల్లలకి ఆమె పేరు తెలుసు. కానీ తాము ఆటలో పెట్టుకునే వారసత్వ నియమం, కొడుకు లేకపోతే కూతురికి అన్నది, అచ్చంగా గణపతిదేవుడి సమస్య అని ఎవరూ చెప్పి ఉండరు. మీ అమ్మాయి ఆటలో తెలుగు రాజవంశం పట్టుకుని కూతురికి గద్దె ఇప్పించాలని నానా తంటాలు పడుతుంటే, పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి. "ఇంగ్లండు రాజు ఎందుకు ఓడిపోయాడు, మన గణపతిదేవుడు ఎందుకు నెగ్గాడు?" అని అడగండి. బతికుండగానే అధికారం అప్పగించడానికీ, చచ్చాక ప్రమాణాల మీద ఆధారపడటానికీ తేడా అని తనే చెప్పేస్తుంది. ఎందుకంటే ఆటలో అది పది సార్లు చేసి ఉంటుంది.

ఆడ, మగ అన్న గీతకి బయటి పాత్రలూ కొత్తవి కావు. రుద్రమ ఏలిన శతాబ్దంలోనే తిక్కన విరాటపర్వం రాశాడు. అందులో అర్జునుడు మారిన బృహన్నల ఉంది. నర్తనశాల సినిమాలో ఎన్టీఆర్‌ని ఆ వేషంలో చూసి చప్పట్లు కొట్టిన తాతయ్యలు ఇంకా ఉన్నారు. తర్వాత కొన్నేళ్లకి ఢిల్లీ నుంచి సైన్యంతో వచ్చి ఓరుగల్లు కోటను ముట్టడించి, ప్రతాపరుద్రుణ్ణి లొంగదీసిన సేనాని మాలిక్ కాఫుర్ నపుంసకుడు. బైజాంటైన్ కొలువులో అయితే అలాంటివాళ్లు మంత్రులుగా, సేనానులుగా వందల ఏళ్లు చక్రం తిప్పారు. కాబట్టి ఆటలో అలాంటి పాత్ర కనిపిస్తే కంపెనీవాళ్లు కల్పించారనుకోనక్కర్లేదు. 1394 డిసెంబరులో లండన్ చీప్‌సైడ్ వీధిలో స్త్రీ దుస్తుల్లో ఉన్న ఒక వ్యక్తిని పట్టుకున్నారు. పుట్టినప్పుడు పెట్టిన పేరు జాన్ రైకెనర్, తాను చెప్పుకున్న పేరు ఎలినార్. ఆక్స్‌ఫర్డ్‌లో కుట్టుపని చేసుకుని కొన్నాళ్లు బతికానని విచారణలో చెప్పిన సంగతి నగర రికార్డుల్లో ఉండిపోయింది. మన దగ్గర 1919లో నిజాం హైదరాబాదులో తెచ్చిన చట్టం ప్రకారం కూడా స్త్రీ వేషంలో కనిపించిన హిజ్రాలని వారంటు లేకుండా అరెస్టు చేసే వీలుండేది. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. మధ్యయుగం అని మనం అనుకునేది అంత దూరంలో ఏమీ లేదు.

ఇక కల్పిత లోకాల ఆటల్లోంచి ఒకటి. దీని గురించి నిదానంగా చెప్పాలి. 2014 నవంబరులో డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్ అనే ఆట వచ్చింది. తయారుచేసింది కెనడాలోని బయోవేర్, అమ్మింది ఈఏ. మంత్రాలు, డ్రాగన్లు, కోటలు ఉండే ఊహాలోకం. ఇండియాలో అప్పుడు దాన్ని అమ్మలేదు. స్థానిక చట్టాలను ఉల్లంఘించినట్టు కాకూడదని వెనక్కి తీసుకుంటున్నామని ఈఏ ప్రకటించి, ముందే డబ్బు కట్టినవాళ్లకి తిరిగి ఇచ్చేసింది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలు మాత్రం ఆడారు.

అందులో డోరియన్ అనే యువ మాంత్రికుడున్నాడు. పెద్ద ఇంటివాడు, బాగా చదువుకున్నవాడు, నోరు కాస్త ఎక్కువ. అతనికి మగవాళ్లంటేనే ఇష్టం. వాళ్ల దేశంలో గొప్ప కుటుంబాలు మంత్రశక్తి తరగకుండా ఉండేలా చూసి చూసి సంబంధాలు కుదుర్చుకుంటాయి. ఈ ఇష్టాలు గుట్టుగా ఉంచుకుని, చెప్పిన పిల్లని చేసుకుని, పిల్లల్ని కని, పైకి అంతా బాగున్నట్టు ఉంటే ఎవరూ ఏమీ అనరు. డోరియన్ ఆ నాటకం ఆడనన్నాడు. రక్తమంత్రం నీచమైనదని చిన్నప్పటి నుంచి కొడుక్కి నేర్పిన తండ్రే, కొడుకు మనసు మార్చడానికి ఆ రక్తమంత్రాన్నే ప్రయోగించాలని చూశాడు. సంగతి తెలిసి కొడుకు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఆటలో ఒకచోట, ఒక పల్లెటూరి సారాకొట్టులో, తండ్రీకొడుకులు ఎదురుపడతారు. తండ్రి రాక్షసుడేమీ కాదు. ముసలివాడైపోయిన, కుమిలిపోతున్న మనిషి. అంతా నీ మంచికే అనుకున్నానంటాడు. నా మంచికి కాదు, ఇంటి పేరుకి అన్నది కొడుకు ఆరోపణ. వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించడమా, డోరియన్‌ని తీసుకుని వెళ్లిపోవడమా అన్నది ఆడేవాళ్ల చేతిలో ఉంటుంది.

మీ అమ్మాయి ఈ ఘట్టం ఆడి వచ్చి అన్నం దగ్గర మౌనంగా ఉంటే, ఆ మౌనాన్ని కదిలించడానికి ఇది మంచి సందు. "ఆ నాన్నది తప్పా?" అని అడిగి చూడండి. జవాబు వినండి, దిద్దకండి.

మన దగ్గర రక్తమంత్రం లేదు. దానికి బదులు "ఒక పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుంది" అన్న మాట ఉంది. మందులిచ్చి, కరెంటు షాకులిచ్చి, పూజలు చేయించి మార్చేస్తామనేవాళ్లున్నారు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ఇది జబ్బు కాదని 2018లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదంది. 2022లో మద్రాసు హైకోర్టు ఆదేశాల మీద జాతీయ వైద్య కమిషన్ ఇంకో అడుగు వేసి, ఇలా "మార్చే" చికిత్స చేయడం డాక్టర్లకి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని ప్రకటించింది. కనుక ఎవరైనా డాక్టరు మీ బిడ్డని మారుస్తానంటే ఆ డాక్టరు దగ్గర్నుంచి లేచి రావడమే మంచిది. పిల్లలు "గేమ్‌లో ఇద్దరు రాణులకి పెళ్లి చెయ్యొచ్చు, మన దగ్గర ఎందుకు కుదరదు?" అనొచ్చు. ఆ పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడం తమ పని కాదని, అది పార్లమెంటు చూసుకోవాల్సిందని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్నది, ఉన్నదున్నట్టు చెప్పండి. మీ అభిప్రాయం వేరైతే అదీ చెప్పండి. అభిప్రాయం చెప్పడం వేరు, అసహ్యం చూపించడం వేరు. పిల్లలకి ఆ తేడా బాగా తెలుసు.

మరి ఏ ఆటైనా ఏ వయసుకైనా పర్వాలేదా అంటే, లేదు. క్రూసేడర్ కింగ్స్‌లో బొమ్మలు సౌమ్యంగానే ఉంటాయి కానీ రాతలో హత్యలు, చిత్రహింసలు, రక్తసంబంధీకుల మధ్య సంబంధాలు, బందీలను నపుంసకులను చేయడం, అన్నీ ఉంటాయి. పదో తరగతి దాటేదాకా ఆగమని నేనైతే అంటాను. డ్రాగన్ ఏజ్, కింగ్‌డమ్ కమ్ పెద్దవాళ్ల ఆటలని యూరప్ రేటింగులే చెబుతున్నాయి, 18 అని అట్ట మీదే ఉంటుంది. అభ్యంతరం హింస మీద, నగ్నత్వం మీద ఉంటే ఆ మాటే చెప్పండి. ఆడ-మగ ముద్దు వస్తే ఊరుకుని మగ-మగ ముద్దుకి మాత్రం ప్లగ్ పీకితే, మీ అభ్యంతరం దేని మీదో పిల్లలు కనిపెట్టేస్తారు.

రేటింగ్ చూడగానే పని అయిపోదు. మోడ్‌లు అని ఉంటాయి. ఆడేవాళ్లే తయారుచేసి పంచుకునే చేర్పులు. కంపెనీ పెట్టని అశ్లీలం వాటిల్లో కొన్నిటిలో ఉంటుంది, వాటికి ఏ రేటింగూ వర్తించదు. "ఏ మోడ్‌లు వేసుకున్నావు, చూపించు" అన్నది "ఎన్ని గంటలు ఆడావు" కన్నా పనికొచ్చే ప్రశ్న. స్టీమ్ అనే ఆటల దుకాణంలో పిల్లల ఖాతాని కుటుంబ ఖాతాకి కలిపి, ఏ ఆటలు ఆడొచ్చో, ఎంతసేపో మీరే పెట్టొచ్చు. డిస్కార్డ్ లాంటి చోట్ల ఆట కబుర్లు చెబుతూ దగ్గరయ్యే పెద్దవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచాలి. ఎవరైనా బెదిరిస్తే, డబ్బు పంపకుండా, మెసేజ్‌లు చెరిపెయ్యకుండా దాచి, సైబర్ నేరాల ఫిర్యాదు కోసం 1930కి గానీ పిల్లల సహాయం కోసం 1098కి గానీ ఫోన్ చేయాలని ముందే చెప్పి ఉంచండి. మనసు బాగోకపోతే మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

చాలామందికి ఇంతదాకా వచ్చి ఆగిపోతుంది. ఆట ఆటగానే ఉంటుంది, పిల్లలు పెరిగి ఉద్యోగాల్లో పడి ఇంకో ఆటకి పోతారు. కానీ ఏదో ఒక రాత్రి మీ బిడ్డ వచ్చి, "అమ్మా, ఆ డోరియన్ లాగే నేనూ" అనొచ్చు. "అమ్మాయిగా పిలిపించుకోవడం గేమ్‌లోనే కాదు, బయట కూడా బాగుంటుంది నాకు" అనొచ్చు. అప్పుడు మీ దగ్గర సిద్ధంగా మాటలు లేకపోయినా ఫర్వాలేదు. "నాకు చెప్పావు, మంచి పని చేశావు. నాకు అర్థం కావడానికి కొంచెం టైమ్ పడుతుంది, కానీ నువ్వు నా బిడ్డవే" అంటే ఆ పూటకి చాలు. ఏడుపొస్తే రానివ్వండి. "గేమ్‌లు చూసి ఇలా అయ్యావా?" అని మాత్రం అడక్కండి. ఏ ఆటా ఎవరినీ అలా చెయ్యదు. ఆటలో దొరికింది ఆ మాట చెప్పే ధైర్యం మాత్రమే.

ఆ రాత్రి నుంచి ఆ రహస్యం మీ దగ్గర కూడా ఉంటుంది. దాన్ని ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది మీ బిడ్డ ఇష్టం. నాన్నకి ఎలా చెప్పాలో ఇద్దరూ కలిసి ఆలోచించుకోండి. మనసు బరువు దించుకోవాలనిపించి పెద్దమ్మకో మేనత్తకో ఫోన్ తీసేముందు, పక్క గదిలోకి వెళ్లి ఒక మాట అడగండి.